పడమటి గోడ

వీరభద్రం కుడిచేతికి మూడు వేళ్ళు పోయింది ఆ మొక్కల గోడ దగ్గరే. అతని తమ్ముడు దుర్గాసాయి జైలుకి వెళ్ళింది దాని మూలంగానే. దాన్ని పెట్టింది దుర్గాసాయి భార్య వరహాలక్ష్మి. పెట్టిన రోజున ఆమె మనసులో గానీ, ఆ అన్నదమ్ముల మనసుల్లో గానీ ఏ చెడ్డా లేదు.

రాజమండ్రిలో తండ్రి వదిలిన స్థలాన్ని ఇద్దరూ చెరిసగం పంచుకుని ఇళ్ళు కట్టుకున్నారు. తూర్పు సగం అన్నది, పడమటి సగం తమ్ముడిది. అన్న తన హద్దు దాకా గది లేపేశాడు. తమ్ముడు హద్దు నుంచి పదడుగులు వాకిలి వదిలి కట్టుకున్నాడు. అంచేత అన్న ఇంటి వెనక గది తాలూకు పడమటి గోడ తమ్ముడి వాకిట్లోకి తిరిగి ఉంటుంది. మధ్యాహ్నం రెండు దాటితే ఎండంతా దాని మీదే. ఏప్రిల్లో సాయంత్రం ఆరింటికి చెయ్యి ఆనించినా చురుక్కుమనేది. ఆ గోడకి అవతల వాళ్ళ తల్లి శ్యామలాంబ మంచం. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి వేసవంతా తడి తువ్వాలు మెడ మీద వేసుకుని కూర్చునేది.

మొక్కల మాట ముందు ఎత్తింది వీరభద్రమే.

"అమ్మా వరాలూ, ఆఫీసుల్లో గోడల నిండా మొక్కలు పెట్టి వస్తున్నావు కదా. ఈ గోడకి పెడితే అమ్మ గది చల్లబడుద్దేంటి?"

"పడుద్దండి బావగారూ. కానీ నీళ్ళు గోడకి తగలకూడదండి. వెనక షీటు గట్టిగా పడాలి. ఆ ఒక్కటీ చూసుకుంటే చాలు."

వరహాలక్ష్మిది కడియపులంక. పదిహేనో ఏట నుంచీ నర్సరీల్లో పని చేసింది. మామిడికీ గులాబీకీ అంట్లు కట్టడంతో మొదలుపెట్టి, ఇప్పుడు కడియంలో ఒక పెద్ద నర్సరీలో నీడ మొక్కల షెడ్డంతా ఆమే చూస్తుంది. విశాఖపట్నం, హైదరాబాద్ ఆఫీసులకి మొక్కల గోడలు పెట్టడానికి ఆ నర్సరీ నుంచి మనుషులు వెళ్తే, వాళ్ళకి పని చెప్పేది ఆమే. దుర్గాసాయి అక్కడి మొక్కల్నే మినీ వ్యానులో ఊళ్ళకి చేరవేస్తాడు. వీరభద్రానికి మెయిన్ రోడ్డు మీద వెల్డింగ్ షాపు.

రెండు ఆదివారాలు కూర్చుని వీరభద్రం పన్నెండడుగుల పొడవూ ఎనిమిదడుగుల ఎత్తూ ఇనుప చట్రం చేశాడు. దానికి మందపాటి ప్లాస్టిక్ షీటు తొడిగారు. ఆ షీటు మీద రెండు పొరలు కంబళి లాంటి గుడ్డ. గుడ్డకి గాట్లు పెట్టి సంచుల్లా కుడితే, ఒక్కో సంచిలో ఒక్కో మొక్క. పైన సన్న చిల్లుల పైపు, కింద తొట్టి, తొట్టి పక్కన డ్రమ్ము, చిన్న మోటారు. రోజుకి మూడుసార్లు, ఐదేసి నిమిషాలు నీళ్ళు పైనుంచి గుడ్డలోకి జారి తొట్టిలోకి దిగాలి.

చట్రాన్ని గోడకి బిగించే రోజున కుడివైపు పై బోల్టు మొరాయించింది. దుర్గాసాయి నిచ్చెన మీద ఉన్నాడు. స్పానర్ జారి వేలికి తగిలింది. అతను వేలు నోట్లో పెట్టుకోలేదు, కింద నుంచి పెద్ద సుత్తి అందుకున్నాడు. బోల్టు మీద గట్టిగా నాలుగు దెబ్బలు వేశాడు. చట్రం మొత్తం జంగున మోగింది.

"మెల్లిగా అండి, షీటు పగులుద్ది," అంది వరహాలక్ష్మి కింద కొబ్బరిపొట్టు తడుపుతూ.

సుత్తి గాల్లోంచి వచ్చి ఆమె కాలికి జానెడు దూరంలో పడింది. అక్కడున్న మట్టికుండీ పగిలి పెంకులు ఆమె మోకాలికి తగిలాయి.

"నాకు నేర్పకు," అన్నాడు దుర్గాసాయి.

వీరభద్రం కింద పడిన సుత్తి తీసి తనే పక్కన పెట్టాడు. ఆ ఇంట్లో అది కొత్త సంగతి కాదు. పెళ్ళైన మూడో ఏడు దుర్గాసాయి ఒకసారి ఆమెని చెంప మీద కొడితే, చెవి నుంచి నెత్తురు వచ్చింది. ఆమె నెల రోజులు పుట్టింట్లో ఉండిపోయింది. అప్పటి నుంచీ మనిషి మీద చెయ్యి వెయ్యలేదు గానీ, వస్తువుల మీద వేస్తూనే ఉన్నాడు. బోల్టు ఎలాగో దిగింది. చుట్టూ సీలు పేస్టు పూశాడు. పైన గుడ్డ వేసేశారు.

నాలుగు వందల మొక్కలు. పైన ఎండ తగిలే వరసలో రియో, స్పైడర్ ప్లాంటు. మధ్యలో మనీప్లాంటు, సింగోనియం. కింద తేమ ఎక్కువున్న చోట ఫెర్నులు. ఒక మూల రత్నమాణిక్యం కోసం తమలపాకు తీగ, పుదీనా. రత్నమాణిక్యం వీరభద్రం భార్య, వరహాలక్ష్మికి తోటికోడలు. మొదటి పదిహేను రోజుల్లో అరవై మొక్కలు చచ్చాయి. వాటిని పీకి కొత్తవి పెట్టింది. పొద్దున్నే బస్సెక్కే ముందు పైపు చిల్లులు గుండుసూదితో పొడిచి శుభ్రం చేసేది. పిండినల్లి పట్టిన ఆకులు వేపనూనె నీళ్ళతో కడిగేది. ఆదివారం కత్తెర పట్టుకుంటే మధ్యాహ్నం దాకా కొమ్మలు కత్తిరిస్తూనే ఉండేది. జూన్ మొదటికి గోడ కనపడకుండా పచ్చగా మూసుకుపోయింది.

"ఈ ఏడు మధ్యాహ్నం కునుకు పట్టిందే వరాలూ," అంది శ్యామలాంబ. ఆ మాట వరహాలక్ష్మి నర్సరీలో అందరికీ చెప్పుకుంది.

ఆషాఢంలో కుడివైపు పై మూల మొక్కలు నాలుగు పసుపు తిరిగాయి. నీళ్ళు తక్కువై అనుకుని గుడ్డ ఎత్తి చూసింది. బోల్టు చుట్టూ షీటు అరచెయ్యంత మేర నక్షత్రంలా పగిలి ఉంది. పేస్టు ఎప్పుడో ఊడిపోయింది. పైపులోంచి దిగే నీళ్ళలో కొంత ఆ పగులులోకి పోయి, బోల్టు వెంట నేరుగా గోడలోకి వెళ్తోంది. వేలు పెట్టి చూసింది. సున్నం మెత్తగా గోటికి వచ్చేసింది.

చెయ్యాల్సిన పనేంటో ఆమెకి ఆ క్షణమే తెలుసు. మొక్కలన్నీ తియ్యాలి, చట్రం దింపాలి, షీటు మార్చాలి, గోడ నెల రోజులు ఆరాలి. కానీ ఆ ఆదివారం కాకినాడ నుంచి ఒక డాక్టరు గారి భార్య వస్తోంది, ఈ గోడ చూసి తమ ఇంటికి ఇలాంటిదే చేయించుకోవడానికి. నర్సరీ తరఫున కాదు, వరహాలక్ష్మి పేరు మీద. ఇరవై ఏళ్ళలో ఆమె పేరు అడుగుతూ ఎవరైనా రావడం అదే మొదలు. పైగా షీటు పగిలిందంటే ఎలా పగిలిందో చెప్పాలి. చెప్తే దుర్గాసాయి ఊరుకోడు.

పగులులో పేస్టు కూరింది. గుడ్డ మూసి పిన్నులు కొట్టింది. పసుపు మొక్కలు తీసి ఫెర్ను పెట్టింది. కాకినాడ వాళ్ళు వచ్చి వెళ్ళాక దింపేద్దాం అనుకుంది. వాళ్ళు వచ్చారు, ఫొటోలు తీసుకున్నారు, పని ఆమెకే ఇచ్చారు. వారం గడిచింది. ఇంకో వారం గడిచింది. వానలు పట్టాయి. వానలకి తడిసిన గోడే కదా అని తనకి తనే చెప్పుకోవడం నేర్చుకుంది.

ఒక పొద్దున రత్నమాణిక్యం తమలపాకులు కోసుకోవడానికి వచ్చింది.

"వరాలూ, అత్తయ్య గదిలో గోడ ఉబ్బుతోందే. పెచ్చులు మంచం మీద రాలతన్నాయి. నీ మొక్కల నీళ్ళేమైనా దిగుతున్నాయేమో చూడు."

"వానలకి ఎవరి గోడ మాత్రం పొడిగా ఉందక్కా," అంది వరహాలక్ష్మి.

ఆ మాట ఎంత తేలిగ్గా నోట్లోంచి వచ్చిందో ఆమెకే ఆశ్చర్యం వేసింది. రత్నమాణిక్యం నమ్మేసి ఆకులు కొంగులో వేసుకుని వెళ్ళిపోయింది. 

శ్రావణమాసంలో రెండో శుక్రవారం. వరహాలక్ష్మి పని మానేసి ఇంట్లోనే ఉంది. పూజ ముగించి పైపు చిల్లులు పొడుస్తోంది. గోడ అవతల స్టీలు గ్లాసు కింద పడి దొర్లిన చప్పుడు వినిపించింది. వెనకే బరువైనదేదో పడింది. తరవాత రత్నమాణిక్యం అరుపు.

ఆమె పరిగెత్తుకెళ్ళేసరికి శ్యామలాంబ నేల మీద పడి ఉంది. ఫ్యాను వేసుకుందామని ఒక చేత్తో ఇనుప మంచం పట్టుకుని, రెండో చేత్తో స్విచ్చి నొక్కిందట. ఆ గదిది పాత ఇనుప స్విచ్చిబోర్డు. కుడి అరచెయ్యి తెల్లగా కాలిపోయి ఉంది. ఒక కాలు తుంటి దగ్గర బయటికి తిరిగిపోయి, ఆ మనిషిది కానట్టు ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. నోరు ఆడుతోంది, మాట లేదు. రత్నమాణిక్యం ఆమె మీదకి వంగుతూ గోడకి చెయ్యి ఆనించి, దెబ్బ తగిలినట్టు వెనక్కి పడింది.

"ముట్టుకోకక్కా," అని వరహాలక్ష్మి ముందుగదిలోకి పరిగెత్తి మెయిన్ లాగేసింది.

ఆసుపత్రిలో తుంటి ఎముక విరిగిందన్నారు. ఆపరేషన్ చెయ్యాలి, ఈ వయసులో ఎలా తట్టుకుంటుందో చూడాలి అన్నారు. వీరభద్రం ఆ రోజంతా వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. వరహాలక్ష్మి అతని ఎదుటే నిలబడి ఉంది. చెప్పడానికి నాలుగుసార్లు నోరు తెరిచింది. నాలుగుసార్లూ రత్నమాణిక్యమో, నర్సో, ఎవరో ఒకరు వచ్చారు. వాళ్ళు రాకపోయినా చెప్పేదో లేదో.

మర్నాడు పొద్దున వీరభద్రం ఎలక్ట్రీషియన్ బంగార్రాజుని పిలిచి బోర్డు విప్పించాడు. బోర్డు వెనక నుంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా కారాయి. బంగార్రాజు గోడ మీద వేళ్ళతో కొట్టి చూశాడు.

"గోడ నీళ్ళు తాగేసిందండి. వాననీరైతే పైనుంచి దిగాలి, పైనంతా పొడిగానే ఉంది. ఇది సరిగ్గా మధ్యలోంచి వస్తోంది. అవతలేముందండి?"

వీరభద్రం వెనక పెరట్లోకి వెళ్ళి గునపం తీసుకున్నాడు.

వరహాలక్ష్మి వాకిట్లోనే ఉంది. గేటు గోడకి కొట్టుకున్న చప్పుడుకి తిరిగి చూసింది. అతని ముఖం చూడగానే ఆమెకి అర్థమైపోయింది.

"బావగారూ, ఆగండి. నేనే దింపేస్తానండి. మీకో మాట చెప్పాలి."

మొదటి పోటు మధ్యలో పడింది. గునపం గుడ్డనీ షీటునీ చీల్చుకుని ఇటుకకి తగిలింది. అతను దాన్ని అడ్డంగా తిప్పి లాగాడు. పాతిక మొక్కలు వేళ్ళతో సహా గుడ్డ పీలికకి వేలాడుతూ వచ్చేశాయి. రెండో పోటుకి పైపు తెగింది. నీళ్ళు చిమ్మాయి. మూడో పోటు, నాలుగో పోటు. అతను అరవడం లేదు, తిట్టడం లేదు. ముక్కుతో పెద్దగా ఊపిరి తీస్తూ, తన చేత్తో అతికించిన చట్రాన్ని తనే విరుస్తున్నాడు. వెల్డింగు ఊడిన ఇనుప ముక్కలు నేల మీద ఠంగుమని పడుతున్నాయి.

వరహాలక్ష్మి వెళ్ళి గునపం పట్టుకుంది. అతను ఆమెని కొట్టలేదు. భుజంతో ఒక్క తోపు తోశాడు, అంతే. ఆమె వెనక్కి వెళ్ళి తొట్టి ఇనుప అంచు మీద పడింది. నుదురు చీరుకుపోయింది. ఎడమ కంట్లోకి వేడిగా నెత్తురు దిగింది. అతను వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

సరిగ్గా అప్పుడు దుర్గాసాయి వ్యాను వచ్చి ఆగింది.

అతనికి కనిపించింది పెళ్ళాం ముఖం నిండా నెత్తురు, గునపం ఎత్తిన అన్న వీపు. ఏం జరిగిందని అడగలేదు. కింద పడి ఉన్న మూడడుగుల ఇనుప బద్ద తీసుకుని అన్న వీపు మీద కొట్టాడు. వీరభద్రం మోకాళ్ళ మీద పడి, అక్కడి నుంచే గునపం అడ్డంగా తిప్పాడు. అది దుర్గాసాయి పక్కటెముకల మీద తగిలింది. లోపల ఏదో విరిగిన చప్పుడు వరహాలక్ష్మికి వినిపించింది. ఇద్దరూ కలబడి బురదలో పడ్డారు. మొక్కలు, కొబ్బరిపొట్టు, నీళ్ళు, నెత్తురు. ఒకరి పీక ఒకరు పట్టుకున్నారు. వీరభద్రం తమ్ముడి ముఖాన్ని అరచేత్తో బురదలోకి నొక్కాడు. దుర్గాసాయి అతని బొటనవేలు కొరికాడు. గునపం దూరంగా దొర్లిపోయింది.

ముందు లేచింది దుర్గాసాయి. వీరభద్రం లేవడానికి చట్రంలో మిగిలిన అడ్డకమ్మీని కుడిచేత్తో పట్టుకున్నాడు. అప్పటికి అతని చేతుల్లో ఏమీ లేదు. దుర్గాసాయి ఇనుప బద్ద రెండు చేతులా ఎత్తి ఆ చేతి మీద కొట్టాడు. చెయ్యి కమ్మీకి అతుక్కుపోయినట్టు అక్కడే ఉండిపోయింది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ కొట్టాడు.

మొదటిది కోపంలో వేసిన దెబ్బ. తరవాతి రెండూ చూసి, గురిపెట్టి వేసినవి. ఆ తేడా వరహాలక్ష్మి ఒంటికంటితో చూసింది.

రత్నమాణిక్యం వచ్చి మరిది జుట్టు రెండు చేతులా పట్టుకుని వెనక్కి లాగింది. వీధిలోవాళ్ళు నలుగురు వచ్చి పడితే గానీ అతను ఇనుప బద్ద వదల్లేదు.

ఆసుపత్రిలో వరహాలక్ష్మికి పదకొండు కుట్లు పడ్డాయి. సాయంత్రం హెడ్ కానిస్టేబుల్ ఏసురాజు స్టేట్‌మెంట్ రాసుకోవడానికి వచ్చాడు. యాభై దాటిన మనిషి, నెమ్మదిగా రాస్తాడు.

"మీ బావగారు ఎందుకు పగలగొట్టేరమ్మా?"

"మా మొక్కల వల్ల చెమ్మ వచ్చిందని అనుకున్నారండి."

"వచ్చిందా?"

వరహాలక్ష్మి పక్క మంచం మీదున్న దుర్గాసాయి వైపు చూసింది. ఛాతీ నిండా కట్టు. అతను ఆమెనే చూస్తున్నాడు.

"లేదండి. వెనక షీటు ఉందండి," అంది.

ఏసురాజు అదే రాసుకున్నాడు.

వారం తరవాత దుర్గాసాయిని రిమాండ్‌కి పంపారు. వీరభద్రం కుడిచేతికి చూపుడువేలు, నడిమివేలు, ఉంగరంవేలు తీసేశారు. దుర్గాసాయి తరఫు వకీలు వరహాలక్ష్మిని కూర్చోబెట్టి చెప్పాడు. నుదుటి మీద కుట్లు ఉన్నాయి కాబట్టి మన కేసు గట్టిగా ఉంటుంది, ఏ కారణం లేకుండా ఆడమనిషి మీద గునపంతో వచ్చాడన్న మాట మీదే నిలబడు, ఇంకేం మాట్లాడకు అన్నాడు.

కుట్లు తీయించుకున్న మర్నాడు ఆమె విరిగిన చట్రం విప్పడానికి కూర్చుంది. బతికిన మొక్కల్ని వేరు చేసి కుండీల్లోకి మార్చింది. గుడ్డ చుట్టేసింది. షీటు కోసి తీసింది. వెనక గోడ నల్లగా ఉంది. కుడి పై మూల నుంచి గోడ సగం దాకా తడి ఒక వెడల్పాటి పాయలా దిగి ఉంది. ఇటుకల మధ్య సిమెంటు వేలితో తీస్తే తడిపిండిలా ఊడి వచ్చింది. ఆ పాయ ఎక్కడ ఆగిందో, సరిగ్గా అక్కడే అవతల స్విచ్చిబోర్డు. పగిలిన షీటు ముక్క ఒళ్ళో పెట్టుకుని ఎంతసేపు కూర్చుందో. తరవాత ఆ ముక్కని సంచిలో పెట్టుకుని స్టేషన్‌కి వెళ్ళింది.

ఏసురాజు ముక్కని తిప్పి తిప్పి చూశాడు.

"ఇది ఎప్పుడు చూసేవమ్మా?"

"ఆషాఢంలోనండి. ముసలావిడ పడడానికి నెల ముందు. మా తోటికోడలు అడిగింది కూడానండి. వాననీళ్ళని చెప్పేను."

"ఇది రాస్తే మీ ఆయన కేసుకి మంచిది కాదు. తెలుసా?"

"తెలుసండి."

"నీ మీదకి కూడా రావచ్చు."

"రానివ్వండి. ఇంకోటి కూడా రాసుకోండి. మా ఆయన చేతి మీద కొట్టినప్పుడు మా బావగారి చేతుల్లో ఏమీ లేదండి."

ఏసురాజు కొత్త కాగితం తీసి రాయడం మొదలుపెట్టాడు.

ఇంకో పదిహేను రోజులకి దుర్గాసాయికి బెయిలు వచ్చింది. స్టేట్‌మెంట్ మార్చిన సంగతి వకీలు దగ్గరే తెలుసుకుని ఇంటికి వచ్చాడు. మధ్యాహ్నం మూడైంది. వరహాలక్ష్మి వాకిట్లో పీట వేసుకుని మిగిలిన మొక్కలకి పుచ్చు వేళ్ళు కోస్తోంది. అతను చెప్పులు కూడా విప్పలేదు.

"స్టేషన్‌కి వెళ్ళేవంట."

"వెళ్ళేనండి."

"నీ కోసం వాణ్ణి కొట్టేను. నీ నెత్తురు చూసి కొట్టేను."

"మొదటి దెబ్బ నా కోసమేనండి. మిగతావి కాదు."

అతను ఆమె మెడ పట్టుకుని పీట మీద నుంచి లేపి గోడకి ఆనించాడు. వీపు కింద ఇటుకలు గుచ్చుకున్నాయి. అతని బొటనవేళ్ళు గొంతు మీద బిగిశాయి. ఆమె అతని మణికట్లు లాగింది, కదల్లేదు. చెవుల్లో హోరు మొదలైంది. అతని ముఖం దగ్గరగా, ఆశ్చర్యంగా, తనేం చేస్తున్నాడో తనే చూస్తున్నట్టు ఉంది. అయినా వదల్లేదు.

ఆమె కుడిచేతిలో అంట్లు కట్టే కత్తి ఇంకా ఉంది. పొట్టి కత్తి, పదిహేనో ఏట నుంచీ ఆమె చేతిలో ఉన్నదే. ఆమె దానితో పొడవలేదు. కొమ్మకి బెరడు ఒలిచినట్టు అతని ముంజేతి మీద మోచెయ్యి నుంచి కిందకి గీసింది. అతని చేతులు విడిపోయాయి. ఆమె కింద పడి, దగ్గుతూ, కత్తి ముందుకు చాపి మోకాళ్ళ మీద నిలబడింది.

"ఇంకొకసారి నా మీద చెయ్యి వేస్తే, గీసి ఊరుకోను," అంది. గొంతు పలకలేదు, గాలిలా వచ్చింది. కానీ అతను విన్నాడు.

దుర్గాసాయి మెట్టు మీద కూలబడ్డాడు. చేతి నుంచి కారుతున్న నెత్తురు మోకాలి మీదుగా చెప్పుల్లోకి దిగుతోంది. ఆమె దండెం మీది తువ్వాలు తీసి అతని వైపు విసిరింది, దగ్గరికి వెళ్ళలేదు. అతను దాన్ని చేతికి చుట్టుకున్నాడు.

"పగిలిందని నాకెందుకు చెప్పలేదే?" అన్నాడు.

"చెప్తే ఏం చేసేవారు?"

అతను లేచి, తువ్వాలు గుండెకి అదుముకుని, వీధి చివర ఉన్న డాక్టరు దగ్గరికి తనే నడిచి వెళ్ళాడు. ఆ సాయంత్రానికే అతను తన బట్టలు వ్యానులో వేసుకుని పెనుగొండలో స్నేహితుడి షెడ్డుకి వెళ్ళిపోయాడు. ఆమె ఆపలేదు.

అతను డాక్టరు దగ్గరున్నప్పుడే వరహాలక్ష్మి ముఖం కడుక్కుని, మెడ చుట్టూ కొంగు కప్పుకుని తూర్పు వాటా గేటు తీసింది. ఆ గొడవ తరవాత ఆ గేటు ముట్టుకోవడం అదే మొదలు.

వీరభద్రం ముందుగదిలో కుర్చీలో ఉన్నాడు. కట్టు కట్టిన చెయ్యి దిండు మీద ఉంది. ఆమెని చూసి ముఖం పక్కకి తిప్పుకున్నాడు. రత్నమాణిక్యం లోపలి నుంచి వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"ఏంటి?"

"అక్కా, ఆ రోజు నువ్వు అడిగితే వాననీళ్ళని చెప్పేను. అప్పటికే నేను చూసేనక్కా. పగులు నాకు తెలుసు."

రత్నమాణిక్యం చెయ్యి ఎత్తి ఆమె చెంప మీద కొట్టింది. మళ్ళీ రెండో చెంప మీద. వరహాలక్ష్మి చేతులు అడ్డం పెట్టలేదు. మూడో దెబ్బకి నుదుటి మీద మానుతున్న గాయం చిట్లింది. నాలుగో దెబ్బకి మెడ మీది కొంగు జారిపోయింది. రత్నమాణిక్యం ఐదోసారి ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగింది. మెడకి రెండు పక్కలా నీలంగా పడిన వేలిగుర్తుల వైపు చూస్తోంది.

"ఎప్పుడు?" అంది.

"ఇందాక."

రత్నమాణిక్యం చెయ్యి దించి, నొప్పి పుట్టిన అరచెయ్యి చీరకి రుద్దుకుంది. వీరభద్రం కుర్చీలోంచి లేవలేదు, వెళ్ళమని కూడా అనలేదు. లోపలి గదిలోంచి శ్యామలాంబ మూలుగు వినిపించింది. ఆపరేషన్ అయి ఇంటికి తెచ్చి పది రోజులైంది. మంచం ఇప్పుడు వీధి వైపు గదిలో వేశారు.

"అత్తయ్యని పక్కకి తిప్పాలి," అంది రత్నమాణిక్యం, ఆమె వైపు చూడకుండా. "వీపు పుండు పడతంది. ఆయనకి చెయ్యి లేదు. నా ఒక్కదాని వల్ల కావట్లేదు."

ఇద్దరూ లోపలికి వెళ్ళారు. ఒకరు భుజాల దగ్గర, ఒకరు తుంటి కింద దుప్పటి అంచులు పట్టుకున్నారు. శ్యామలాంబ కళ్ళు తెరిచి, నెత్తురు కారుతున్న ఆ నుదుటి వైపు చూసింది.

"ఎవరూ, వరాలా?"

"నేనేనండి అత్తయ్యగారూ."

"కాలు కదపకండే, ప్రాణం పోతంది."

"కదపమండి. నేను పట్టుకుంటాను," అంది వరహాలక్ష్మి. రత్నమాణిక్యం ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టింది. ముసలామె అరిచింది. ఇద్దరూ కలిసి ఆమెని తిప్పారు.